ఫలశ్రుతి లేని పుస్తకం

తెనాలిలో ప్రూఫులు దిద్దేవాళ్ళు చాలామందే ఉండేవారు గానీ, అంగలకుదురు వెంకట సుబ్బయ్య పంతులు లెక్క వేరు. ఒకసారి గుంటూరు పోతూ చేబ్రోలు దగ్గర బస్సు కిటికీలోంచి చూస్తే, ఒక గోడమీది ఎరువుల ప్రకటనలో ఒత్తు ఎగిరిపోయి కనబడింది. పంతులు బస్సాపించి దిగాడు. బొగ్గుముక్క వెతికి, ఒత్తు పెట్టి, తిరిగొచ్చి తన సీట్లో తను కూర్చున్నాడు. అంతసేపూ బస్సు ఆగిందా అని ఎవరైనా అడిగితే, ఆగడమొక్కటేనా, డ్రైవరుతో సహా అందరూ దిగి ఒత్తు సరిగ్గా పడిందో లేదో చూసి మరీ ఎక్కారని చెప్పేవాళ్ళు. ఇంకోసారి ఒక పెద్దకర్మ కార్డులో సంధి తప్పిందని, పోయినాయన కొడుకును కూర్చోబెట్టి పాఠం మొదలెట్టాడు. ఆ కొడుకు పాఠం పూర్తిచేసుకుని కార్డులు పట్టుకెళ్ళేసరికి సంవత్సరీకం దగ్గరపడింది. అవే కార్డులు దానికి పనికొచ్చాయి.

ఉద్యోగం చేసినంతకాలం ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పాడు. రిటైరయ్యాక బోసు రోడ్డులో పున్నారావు పెట్టిన వసుంధరా ప్రింటర్సులో కిటికీ పక్క కుర్చీ ఆయనదయింది. పున్నారావు కొలకలూరు రైతుబిడ్డ. పొలం కౌలుకిచ్చి, భార్య పేరు మీద ప్రెస్సు పెట్టి, పెళ్ళికార్డుల మీదా దేవుడి పుస్తకాల మీదా బతుకుతున్నాడు. వ్రతకథలు, స్తోత్రాలు, ఏ ఊరి దేవుడి మహిమ ఆ ఊరికి, అన్నీ పంతులు చేతిమీదుగా పోయేవి. అన్నిటికీ చివర ఫలశ్రుతి ఉండేది. ఈ పుస్తకం చదివినవారికీ విన్నవారికీ ఏమేం కలుగుతాయో చెప్పే ముక్క అది. సంతానం, పంట, పాడి, కోర్టులో గెలుపు. రాసుకొచ్చినవాడు మర్చిపోయినా పంతులు మర్చిపోయేవాడు కాదు. అరటితోటల తెగుళ్ళ మీద ఎవరో పుస్తకం వేయించుకుంటే దానికి కూడా చివర నాలుగు పాదాలు కట్టి ఇచ్చాడు. ఆ పుస్తకం కొన్న రైతుల తోటల్లో గెలలు నేలకు దిగబడి, చుట్టూ గుంట తవ్వితే గానీ కత్తి ఆడలేదని పున్నారావు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. పంతులు కాదనేవాడు కాదు.

అలాంటి ప్రెస్సుకి రెండువేల ఐదు చివర్లో బాపట్ల నుంచి అబ్బాస్ అలీ మాస్టారు వచ్చారు.

ఆయన వ్యవసాయ కళాశాలలో నేలల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. సొంతూరు రేపల్లె. అక్కడ స్టేషనుకు అవతలి వీధిలో వాళ్ళవాళ్ళ ఇళ్ళు కొన్ని ఉన్నాయి. షియా ముస్లిములు. మొహర్రం వచ్చిందంటే మొదటి పదిరోజులూ వాళ్ళ చావిడిలో దుఃఖసభ జరుగుతుంది. ఏటి పక్కనే ఉండి కూడా గుక్కెడు నీళ్ళు అందక కర్బలా మైదానంలో ప్రాణాలిచ్చిన ఇమాము హుసేను గారినీ ఆయనవాళ్ళనూ తలుచుకుని ఏడవటమే ఆ సభలో పని. ఏడవటానికి పాటలున్నాయి. ముందు చదువుకోవటానికి ఖురాను వాక్యాలున్నాయి, వేడుకోవటానికి దువాలున్నాయి. అన్నీ అరబీ, ఫారసీ, ఉర్దూ పుస్తకాల్లో, తాతలనాటి బీరువాలో భద్రంగా ఉన్నాయి. చదవగలిగినవాళ్ళు మాత్రం అలీ మాస్టారూ, రేపల్లెలో ఉన్న ఆయన అక్కగారు సకీనా బేగమూ మిగిలారు. పిల్లలు తెలుగు బడుల్లో చదివి, ఆ పుస్తకాలు ఏ వైపు నుంచి తెరవాలో కూడా తెలియకుండా ఎదిగారు.

అందుకని మాస్టారు ఏళ్ళతరబడి కూర్చుని ఒక పుస్తకం తయారుచేశారు. ముందు అక్షరాలు. తర్వాత ఖురానులోని చిన్న అధ్యాయాలు, అరబీ పలుకు తెలుగు లిపిలో, ఒక్కో మాటకూ అర్థం పక్కనే. తర్వాత దువాలు, శోకగీతాలు. చిట్టచివర, సభ ముగిసేటప్పుడు ఇమాముగారికి చెప్పుకునే సలాము. తెలుగు వచ్చిన పిల్ల ఎవరి సాయమూ లేకుండా దాన్ని చదువుకుని, చావిడిలో నిలబడి వినిపించగలగాలి. ఆయన కోరిక అదీ.

"ఈ మొహర్రానికి పిల్లలు చదవాలండి పంతులుగారూ. అక్కయ్యకి గొంతు పోతోంది. ఇన్నాళ్ళూ ఆవిడ చదివితే మిగతావాళ్ళు విన్నారు. వచ్చే యేడు వినటానికి ఏమీ ఉండదు" అన్నారు.

ఆ యేడు మొహర్రం సరిగ్గా మాఘమాసంలో, పెళ్ళిళ్ళ మధ్యకొచ్చి పడింది. పున్నారావు ఎక్కడ చూసినా పెళ్ళికార్డులే ఉన్నాయనీ, తెలియని భాష మనకెందుకనీ గొణిగాడు. పంతులు మాత్రం పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. తెలియని భాషే అయినా తెలుగు అక్షరాల్లో ఉంది గనక అది తన రాజ్యమేనని ఆయన నమ్మకం.

మొదటి ప్రూఫులోనే రాజ్యంలో అల్లరి జరిగింది. అక్షరాల కింద ఎక్కడపడితే అక్కడ చుక్కలు కనబడ్డాయి. మిషనులో ఇంకు కారుతోందని పున్నారావును కేకలేసి, చుక్కలన్నీ పీకించాడు పంతులు. అలీ మాస్టారు వచ్చి చూసి, అవి అరబీలో ఉన్న పలుకులు తెలుగులో లేవు గనక తను పెట్టుకున్న గుర్తులని చెప్పి, ఒక్కొక్కటీ పలికి వినిపించారు. గొంతు అడుగునుంచి ఒకటి, నాలుక పక్కనుంచి ఒకటి. పంతులు నేర్చుకున్నాడు. నేర్చుకోవటమంటే మామూలుగా కాదు. అంగలకుదురులో తెల్లవారుజామునే పెరట్లో నిలబడి గొంతు అడుగునుంచి సాధన చేస్తుంటే, పాలవాడు ఆ ఇంటాయనకు గొంతులో ఏదో అడ్డం పడిందని డాక్టర్ని తీసుకొచ్చాడు. డాక్టరు విని, ఇందులో తనకు తెలిసిన జబ్బేమీ లేదని వెళ్ళిపోయాడు. ఆయన భార్య కామేశ్వరమ్మ, ఇన్నాళ్ళకు ఆ గొంతుకొక పని దొరికిందని మాత్రం అన్నది.

వారానికోసారి మాస్టారు బాపట్ల నుంచి పాసింజరు బండిలో వచ్చేవారు. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని చుక్కకు చుక్క సరిచూసుకునేవారు. అలా చివరి ప్రూఫు దాకా వచ్చాక మాస్టారికి కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషను తప్పదన్నారు. ఆయన బాపట్ల నుంచి ఫోను చేసి, "ఇక నేను చూడలేను. మీరు చూస్తే నేను చూసినట్టే పంతులుగారూ" అన్నారు.

ఆ మాట పంతులు గుండెకు తగిలింది. ముప్ఫయ్యేళ్ళు పాఠం చెప్పినా, ఇన్ని పుస్తకాలు దిద్దినా, ఆయనతో ఆ మాటన్నవాళ్ళు లేరు. దిద్దించుకున్నవాడల్లా తప్పు తనది కాదనే వాదించాడు. పంతులు చివరి ప్రూఫు ముందేసుకుని, తనకున్న రెండు కళ్ళకి మాస్టారి రెండు కళ్ళు కూడా కలుపుకుని చదివాడు. ఎక్కడా తప్పు లేదు. చివరి సలాము దగ్గరకొచ్చాడు. పేజీ తిప్పాడు. అవతల ఏమీ లేదు. తెల్ల కాగితం.

పంతులు నిర్ఘాంతపోయాడు. ఇంత పుస్తకానికి ఫలశ్రుతి లేదు.

పాపం, కళ్ళు కనబడక మర్చిపోయారనుకున్నాడు. ఆపరేషనయిన మనిషిని అడిగి కంగారు పెట్టగూడదనుకున్నాడు. పైగా, మీరు చూస్తే నేను చూసినట్టేనని ఆయనే అన్నారు గదా, ఆయన చూసుంటే ఇది వదిలేవారా? పుస్తకం మధ్యాహ్నానికి మిషను ఎక్కాలి. పంతులు కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, కాఫీ చల్లారేలోగా ద్విపదలో కట్టేశాడు.

పదినాళ్ళు విడువక పఠియించు వారి
మదినున్న కోర్కెలు మరి మరి పండు
గేదెలు రెండింత గిన్నెలు నింపు
పేదల గజ్జియు పెనురోగ ముడుగు

కంప్యూటరు మీద అక్షరాలు కొట్టే సాయిసుధ అది చూసి, ఆ సార్‌ని అడిగారా పంతులుగారూ అన్నది. అడగకుండానే తెలుసుకునేవాణ్ణే పండితుడంటారని పంతులు జవాబిచ్చాడు. ఆ పిల్ల కొట్టేసింది. సలాము ఉన్న కాగితానికి వెనకవైపు, పూలతీగ బార్డరు మధ్య, ఫలశ్రుతి అచ్చయింది. బార్డరు పెళ్ళికార్డుది.

అమావాస్యనాడు కట్టలు కట్టి రేపల్లె బస్సుకు వేశారు. మర్నాడు పొద్దున్నే పంతులు మొదటి కాపీ పసుపుగుడ్డలో చుట్టుకుని, తనే స్వయంగా బాపట్ల వెళ్ళాడు. మాస్టారి ముఖంలో సంతోషం చూడాలని ఆయన ఆశ.

అలీ మాస్టారు వరండాలో మడతకుర్చీలో, కంటికి పచ్చగుడ్డ వేలాడేసుకుని కూర్చునున్నారు. పుస్తకం చేతికిస్తే అట్ట తడిమారు, వాసన చూశారు. మొదటి మాటా చివరి మాటా చదివి వినిపించమన్నారు. పంతులు మొదటి పేజీలో దేవుడి పేరు చదివాడు. చుక్క ఉన్నచోట ఉన్నట్టు, లేనిచోట లేనట్టు పలికాడు. మాస్టారు తల ఊపారు. పంతులు ఆ ఊపులో చివరి పేజీ తీసి, రాగం ఎత్తుకుని, గేదెల దాకా వెళ్ళి, గజ్జితో ముగించాడు.

మాస్టారు ఊపుతున్న తల ఆపారు.

"ఇదేంటండి పంతులుగారూ?"

"ఫలశ్రుతండి. మీరు మర్చిపోయారు. నేను కట్టాను."

"మర్చిపోలేదండి. అది లేదు."

"లేకపోతే ఎట్లాగండి? చదివినవాడికి ఏదో ఒకటి రావాలి గదా."

"వస్తుందండి. ఆయన కోసం కార్చిన కన్నీటికి ఏం వస్తుందో మా పెద్దలు చెప్పారు. అది పుస్తకంలో లోపలే ఉంది, మీరే దిద్దారు. గేదెల సంగతి వాళ్ళు చెప్పలేదు." మాస్టారు పుస్తకం వైపు వేలు చూపి, "ప్రతి పేజీ అడుగునా చిన్నక్షరాల్లో పేర్లున్నాయి. చూశారా?" అన్నారు.

"చూడకపోవటమేంటండి. దాతల పేర్లు గదా. ఎవరెంత ఇచ్చారో వేయలేదేమా అనుకున్నాను."

మాస్టారు నవ్వలేదు. నవ్వితే కుట్లు లాగుతాయని డాక్టరు చెప్పారేమోనని పంతులు అనుకున్నాడు.

"దాతలు కాదండి. ఆ మాట ఎవరు చెప్పారు, ఆయన ఎవరి దగ్గర విన్నారు, ఆయనకు ఎవరు చెప్పారు, అట్లా ఇమాముగారి దాకా పోయే వరస అది. ఆ వరస లేకుండా ఆయన పేరున ఒక్క మాట చెప్పగూడదు. ఇప్పుడు మీరు చదివారే, గజ్జి పోతుందని. అది మీకెవరు చెప్పారు?"

పంతులు నిజాయితీగా ఆలోచించాడు. తన గురువుల్ని తలుచుకున్నాడు. వాళ్ళలో ఎవరూ ఆ మాట అన్నట్టు గుర్తురాలేదు.

"నాకెవరు చెప్తారండి. నేనే."

"రేపల్లెలో చదివే పిల్లకి ఆ సంగతి తెలియదు గదండి. ఇమాముగారన్నారనుకుని సభలో చదువుతుంది. ఆయన అనని మాట ఆయన పేరున, ఆయన కోసం ఏడిచే చోట, ఆ పిల్ల నోటితో చెప్పించినవాణ్ణి నేనవుతాను. ఇన్నేళ్ళు కూర్చుని నేను చేసింది అదవుతుంది."

లోపలికి తడుముకుంటూ వెళ్ళి ఆయన అక్కగారికి ఫోను చేశారు. ఉర్దూలో రెండు ముక్కలు మాట్లాడి వచ్చి కూర్చున్నారు. పుస్తకాలు పొద్దున్నే ఇంటింటికీ పంచేశారట. సాయంత్రం నెలపొడుపు కనబడగానే మొదటి సభ. తను గడప దాటగూడదని డాక్టరు చెప్పారన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. పంతుల్ని ఏదైనా అనుంటే బాగుండేది.

పంతులు గొడుగు తీసుకుని బయల్దేరాడు.

చెరుకుపల్లి మీదుగా పోయే బస్సెక్కి కూర్చున్నాక, ఆయనకు తన అవస్థ పూర్తిగా అర్థమైంది. ఒత్తు తప్పితే పెట్టొచ్చు, చుక్క పోతే వేయొచ్చు. ఇందులో ఒక్క అక్షరం తప్పు లేదు. యతి కుదిరింది, ప్రాస కుదిరింది. దారిపొడుగునా ఎన్ని గోడల మీద ఎన్ని తప్పులు ఆయన కిటికీ ముందునుంచి పోయాయో, ఒక్కటీ ఆయన కంటికి ఆనలేదు. చెరుకుపల్లిలో బస్సాగితే దిగి ఒక బ్లేడు కొన్నాడు. ఇంటింటికీ వెళ్ళి ఆ చివరి కాగితం కోసేస్తే సరిపోతుందనుకున్నాడు.

రేపల్లెలో చావిడి దగ్గరకు చేరేసరికి పొద్దు వాలుతోంది. గోడలకు నల్లగుడ్డలు కడుతున్నారు. సకీనా బేగాన్ని ఆ వీధిలో అందరూ బీబమ్మగారంటారు. తెల్లచీర కట్టుకుని మెట్టు మీద కూర్చునున్నారావిడ. పంతులు నిలబడే తన పేరు చెప్పి, జరిగిందంతా చెప్పి, బ్లేడు చూపించాడు.

ఆవిడ బ్లేడు తీసుకుని పక్కన పెట్టారు.

"ఆ కాగితానికి ముందువైపు ఏముందో చూశారా నాయనా?" ఆవిడ గొంతు నిజంగానే గాలిలా ఉంది.

"సలాముందండి."

"అది లేకుండా సభ ముగియదు. పైగా అల్లా పేరున్న కాగితం. కోసి ఎక్కడ పడేస్తారు?"

పంతులు జేబులో పెట్టుకుందామనుకున్నాడు గానీ ఆ మాట పైకి అనలేదు. అలాంటి కాగితాన్ని పారే నీళ్ళలో కలపాలి, లేకపోతే కాలు పడని చోట భూమిలో దాచాలి. కత్తిరించి చెత్తలో వేసేది కాదు. ఆవిడ అది చెప్పి, ఊపిరి తీసుకుని, అబద్ధమని తేలిన మాటల్ని కూడా తమ పెద్దలు చెరిపెయ్యలేదనీ, ఎవరు చెప్పారో పేరు రాసి అలాగే ఉంచారనీ, చదివేవాడే చూసుకుంటాడనీ అన్నారు.

"మీరూ అదే చెయ్యండి. కింద మీ పేరు రాయండి. మీకెవరు చెప్పారో అదీ రాయండి."

పంతులు మెట్టు మీద కూర్చుని, ముందుగా ఆవిడ కాపీలో గజ్జి కింద గుండ్రటి దస్తూరీతో రాశాడు. "ఈ మాట చెప్పినవాడు అంగలకుదురు వెంకట సుబ్బయ్య. ఇతనికి ఎవరూ చెప్పలేదు." అన్ని పుస్తకాలు దిద్దిన ఆయన పేరు ఒక పుస్తకంలోకి ఎక్కడం అదే మొదటిసారి.

తర్వాత ఇల్లిల్లూ తిరిగాడు. వాళ్ళ ఇళ్ళల్లో పని సులువుగానే అయింది. చదివి, తల ఊపి, పుస్తకం ఇచ్చేవాళ్ళు, ఆయన రాసేవాడు, మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు. చిక్కొచ్చింది చావిడి వెనకింటి హైమావతి దగ్గర. ఆవిడ ఏటా సభకు షర్బతులోకి పాలు పోస్తుంది. ఆ మర్యాద కొద్దీ బీబమ్మగారు ఆవిడకూ ఒక పుస్తకం ఇచ్చారు. ఏ పుస్తకమైనా చివరినుంచి చూడటం హైమావతి అలవాటు. పొద్దున గేదె దగ్గర కూర్చుని ఆ నాలుగు పాదాలూ పైకి చదివింది. అంతే, గేదె చేపటం మొదలెట్టింది. బిందె నిండింది, చెంబు నిండింది. బకెట్టు కోసం హైమావతి పక్కింటికి పరిగెత్తింది. ఆవిడ తిరిగొచ్చేదాకా గేదె ఓపిగ్గా ఆపుకుని నిలబడిందట. ఈ సంగతి మధ్యాహ్నానికి బస్టాండు దాకా పాకింది. పంతులు వెళ్ళేసరికి ఆ ఇంటిముందు పుస్తకం కోసం జనం ఉన్నారు.

పంతులు ఆ పాదాలు తను కట్టినవేననీ, వాటికి మహిమ ఏమీ లేదనీ విడమరిచి చెప్పాడు. హైమావతి విన్నది.

"రాసుకోండి బాబాయిగారూ. మీ చెయ్యి, మీ కలం. గేదె చూడకుండా మాత్రం రాయండి" అన్నది.

పంతులు గేదెకు వీపు పెట్టి రాశాడు. జనంలోంచి వీరాస్వామి అనే రొయ్యల చెరువాయన ముందుకొచ్చాడు. ఈయనే కట్టాడని తెలిశాక అతని గౌరవం ఇంకా పెరిగింది. ఆ యేడు చెరువులకు తెల్లమచ్చ తెగులు తగిలి ఉందనీ, గేదెలకూ గజ్జికీ వేసినట్టే రొయ్యలకు కూడా ఒక పాదం వేసిపెట్టమనీ ప్రాధేయపడ్డాడు. తన మాటకు విలువ లేదని ఒక మనిషికి నచ్చజెప్పాల్సిరావటం పంతులుకు అనుభవం లేని పని. ఎంత చెప్పినా, వీరాస్వామి అది పెద్దవాళ్ళ వినయమనుకున్నాడు.

ఆఖరి కాపీలో రాసి బయటికొచ్చేసరికి పడమటివైపు అందరూ వేళ్ళు చూపిస్తున్నారు. సన్నటి నెలవంక. ఎవరూ కేరింతలు కొట్టలేదు. చావిడిలో దీపం వెలిగించారు.

పంతులు వెనక వరసలో, గుమ్మం దగ్గర కూర్చున్నాడు. పక్కనే హైమావతీ వీరాస్వామీ వచ్చి కూర్చున్నారు. బీబమ్మగారి ఇంకో తమ్ముడి మనవరాలు జహ్రా, పదో తరగతి పిల్ల, నల్లబట్టలు కట్టుకుని పుస్తకం పట్టుకుని లేచి నిలబడింది. మొదట్లో గొంతు వణికింది. చుక్కలున్న అక్షరాలు వచ్చినప్పుడల్లా పంతులు పెదవులు తెలియకుండానే ముందుగా కదిలాయి. ఖురాను వాక్యాలయ్యాయి. తర్వాత శోకగీతం. నీళ్ళ కోసం తిత్తి పట్టుకుని ఏటికి వెళ్ళి తిరిగిరాని మనిషి కోసం గుడారంలో ఎదురుచూసే పిల్లల పాట అది. పంతులు దాన్ని ప్రెస్సులో ఎన్నిసార్లో చదివాడు. కామాల కోసం చదివాడు. అందులో పిల్లలున్నారని ఆయన ఇప్పుడే విన్నాడు. చుట్టూ ఆడవాళ్ళు గుండెల మీద చేత్తో కొట్టుకుంటూ ఏడుస్తున్నారు. బీబమ్మగారు కళ్ళు మూసుకుని, తను చదవాల్సిన పని లేకుండా, మొదటిసారి వింటున్నారు. పంతులు కళ్ళజోడు మసకబారింది. సముద్రం దగ్గర ఊరు గదా, సాయంత్రమయ్యేసరికి గాలికి తేమ వస్తుంది.

జహ్రా సలాము చదివింది. అలవాటుగా పేజీ తిప్పింది. పూలతీగ బార్డరు చూసింది. పైనుంచి కిందికి లోపల్లోపల చదువుకుంది. ఆ పిల్ల చేతిరాత దాకా వెళ్ళి, పుస్తకం మూసేసింది.

"ఇంకో పేజీ ఉంది గదమ్మా" అన్నాడు వెనకనుంచి వీరాస్వామి, మెల్లగానే.

"అది సుబ్బయ్య పంతులుగారు చెప్పిందండి. ఆయనకి ఎవరూ చెప్పలేదు" అన్నది జహ్రా.

ఎవరూ నవ్వలేదు. ఆ సభలో నవ్వరు. అందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి పంతుల్ని చూసి, మళ్ళీ ముందుకు తిరిగారు. ఆయనకు కూడా ఒక గ్లాసు షర్బతు వచ్చింది. పాలు చిక్కగా ఉన్నాయి.

ప్రెస్సులో మిగిలిన కాపీలకు అదే రెండు వాక్యాలు చీటీగా అచ్చేసి అంటించమని మర్నాడు పంతులు పున్నారావుకు చెప్పాడు. చీటీ అంటిస్తే అమ్మకం పోతుందని పున్నారావు అన్నాడు. రేపల్లె నుంచి అప్పటికే మనుషులొచ్చి పాడి పుస్తకం ఉందా అని అడిగిపోయారట. పంతులు జిగురు డబ్బా తీసుకుని కూర్చున్నాడు. మొహర్రం పదిరోజులూ అయ్యేదాకా బాపట్ల వైపు వెళ్ళలేదు. మాస్టారు ఫోను చేయలేదు. కిటికీ పక్క ఆయన ముందు పెళ్ళికార్డులు గుట్ట పడ్డాయి. ఒకదాంట్లో పెళ్ళికూతురి పేరుకి బదులు పెళ్ళికొడుకు పేరే రెండుసార్లు పడినా ఆయన చూడలేదు. పెళ్ళివారు కూడా చూడలేదట. వచ్చినవాళ్ళు మాత్రం అక్షింతలన్నీ ఒక్కడి నెత్తినే వేసిపోయారని పున్నారావు చెప్పాడు.

మాస్టారి కంటికి గుడ్డ తీశారని తెలిశాక, ఒక పొద్దున పంతులు చీటీ అంటించిన కాపీ ఒకటి పట్టుకుని బాపట్ల వెళ్ళాడు. ఈసారి పసుపుగుడ్డలో చుట్టలేదు. అలీ మాస్టారు కొత్త కళ్ళజోడు పెట్టుకుని, పుస్తకాన్ని మొదటినుంచీ నిదానంగా తిప్పారు. పంతులు నిలబడే ఉన్నాడు. మాస్టారు చివరి పేజీకి వచ్చి, ఫలశ్రుతి చదివారు, చీటీ చదివారు.

"సరిపోలేదండి పంతులుగారూ" అన్నారు.

పంతులు ముందుకు వంగి చీటీలో అక్షరాలు మళ్ళీ చూశాడు.

"చెప్పినవాడి పేరు వేస్తే సగమే అయింది. ఆయన నమ్మదగినవాడా కాడా అన్నది కూడా రాయాలి. మా పెద్దలు ఒక్కొక్కరి గురించీ వాకబు చేసి రాసేవాళ్ళు. ఫలానా ఆయన జ్ఞాపకం మంచిది, ఫలానా ఆయన ముసలితనంలో తడబడ్డాడు, ఇట్లా. అది లేకపోతే చదివేవాడు ఏమనుకోవాలి?"

"నా గురించి నేనేం రాసుకోనండి?"

"ఎవరి గురించి వాళ్ళు రాసుకోగూడదు. తెలిసినవాళ్ళు రాయాలి."

మాస్టారు కలం తీసుకుని చాలాసేపు ఆలోచించారు. బల్లమీద ఇంకో కాగితాల కట్ట ఉంది. దువాల రెండో పుస్తకం, చేతిరాత ప్రతి. దాని మీద ఒక చెయ్యి ఉంచి, రెండో చేత్తో చీటీ కింద ఒక వాక్యం రాశారు. ఆ పుస్తకమూ ఆ కట్టా కలిపి పంతులు చేతికిచ్చారు.

పంతులు కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"అక్షరాల విషయంలో పూర్తిగా నమ్మదగినవాడు. గేదెల విషయంలో కాదు."

పంతులు దాన్ని ఒకటికి రెండుసార్లు చదివాడు. తప్పేమీ కనబడలేదు.